పోపు పడకముందు

పెరుగన్నంలో కూడా పచ్చిమిరపకాయ ఉంటుందని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. ఉజ్బెకిస్తాన్ నుంచి ఇంగ్లిషు నేర్చుకోవడానికి వచ్చింది. హైదరాబాదులో ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీకి మధ్య ఆసియా నుంచి, ఆఫ్రికా నుంచి, లాటిన్ అమెరికా నుంచి ఇలా వస్తూనే ఉంటారు. ఈ అమ్మాయి వచ్చి పది రోజులైంది. తార్నాకలో ఒక చిన్న మెస్సులో నా ఎదుటి బల్ల మీద కూర్చుంది. కూర ముట్టలేదు, సాంబారు ముట్టలేదు. కంచంలో తెల్లగా కనిపించిన పెరుగన్నం ఒక్కటే నమ్మదగినదిగా తోచినట్టుంది. నాలుగో ముద్దలో, కరివేపాకు చాటున ఉన్న సన్నటి పచ్చ చక్రం ఒకటి పంటి కింద పడింది.

ముందు ఏమీ జరగలేదు. రెండు మూడు క్షణాలు మామూలుగానే నమిలింది. తర్వాత నమలడం ఆగింది. ముక్కు ఎర్రబడింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి, పై పెదవి మీద చెమట చుక్కలు వరసగా లేచాయి. గ్లాసు ఎత్తి గడగడా తాగింది. ఇంకో గ్లాసు తాగింది. మంట తగ్గలేదు సరికదా, నాలుక కొసన ఉన్నది గొంతు దాకా పాకినట్టు చేత్తో మెడ పట్టుకుంది. నా కంచం పక్కన ఉన్న గడ్డపెరుగు గిన్నె ఆమె వైపు జరిపాను. మూడు చెంచాలు తిన్నాక ఊపిరి తీసుకుంది.

రెండు గ్లాసుల నీళ్లు చేయలేని పని మూడు చెంచాల పెరుగు ఎలా చేసింది? మిరపకాయలో మండించే పదార్థం పేరు క్యాప్సైసిన్. దాని అణువుకు ఒక పొడవాటి తోక ఉంటుంది. ఆ తోక నూనె జాతికి చెందినది, నీటితో పొత్తు కుదరదు. జిడ్డు గిన్నెను ఒట్టి నీళ్లతో కడిగితే జిడ్డు పోదు, గిన్నె అంతటా పరుచుకుంటుంది. నోట్లో జరిగేదీ అంతే. పాలల్లో, పెరుగులో, మజ్జిగలో కేసీన్ అనే ప్రోటీన్ ఉంటుంది. క్యాప్సైసిన్‌ను పట్టుకుని నాలుక మీద నుంచి తీసుకుపోయే గుణం దానికి ఉంది. చాలాకాలం పాటు ఈ ఘనత పాలలోని వెన్నదే అనుకునేవారు. 2019లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 72 మందికి కారపు పానీయం ఇచ్చి, ఆ తర్వాత రకరకాల పానీయాలు తాగించి చూశారు. వెన్న తీసిన పాలు, తీయని పాలు దాదాపు ఒకేలా మంటను తగ్గించాయి. వెన్న కంటే ప్రోటీనే ముఖ్యమని పరిశోధకులు భావించారు. కాబట్టి మీగడ లేని పలుచటి మజ్జిగను కూడా తక్కువ అంచనా వేయనక్కర్లేదు.

అయితే అందరికీ పాలు ఇవ్వడం కూడా సరికాదు. పాలలోని చక్కెరను, అంటే లాక్టోజ్‌ను, పెద్దయ్యాక కూడా అరిగించుకునే శక్తి ప్రపంచంలో చాలామందికి ఉండదు. 2012లో వెలువడిన ఒక పెద్ద జన్యు అధ్యయనంలో తార్నాక పక్కనే హబ్సిగూడలో ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగస్వాములు. పాలు అరిగే శక్తినిచ్చే జన్యు మార్పు ఒకటి ఐరోపాలోనూ భారతదేశంలోనూ ఒకటేనని, మన దేశంలో అది వాయవ్యాన ఎక్కువగా, దక్షిణాన, తూర్పున తక్కువగా కనిపిస్తుందని ఆ అధ్యయనం చూపింది. పెరుగు తోడుకునేటప్పుడు సూక్ష్మజీవులు లాక్టోజ్‌లో కొంత ముందే తినేస్తాయి, కేసీన్ మాత్రం మిగులుతుంది. నోరు మండినవాళ్లకు, కడుపు సంగతి తెలియనప్పుడు, గ్లాసు పాల కంటే గిన్నెడు పెరుగు మేలు.

ఇక ఆ మంట సంగతి. ఉగాది పచ్చడిలో కారానికి మనం ఆరు రుచుల్లో ఒకటిగా చోటిచ్చాం. శరీరశాస్త్రం దాన్ని రుచుల పంక్తిలోంచి లేపి నొప్పి పంక్తిలో కూర్చోబెట్టింది. తీపి, పులుపు, ఉప్పు, చేదు నాలుక మీది రుచిమొగ్గల పని. కారం వార్తను మోసేది ముఖానికంతటికీ స్పర్శను, వేడిని, నొప్పిని తెలిపే ట్రైజెమినల్ నాడి. అందుకే మిరపకాయలు తరిగిన చేత్తో కన్ను నులుముకుంటే కన్ను మండుతుంది, కంటికి రుచిమొగ్గలు లేకపోయినా.

1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం ఈ మంటకు తలుపు ఎక్కడుందో కనిపెట్టింది. నొప్పి నాడుల కొసల మీద టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ ఒకటి ఉంది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే అది తెరుచుకుంటుంది, మెదడుకు ‘కాలుతోంది’ అని కబురు వెళుతుంది. క్యాప్సైసిన్ అదే తలుపును, వేడి లేకుండానే తెరుస్తుంది. ఆ అమ్మాయి నోటిలో నిప్పు లేదు, కానీ ఆమె నాడులు పంపిన కబురు నిప్పు తగిలినప్పటి కబురే. చెమట పట్టడం, ముక్కు కారడం, కళ్ల నీళ్లు, అన్నీ శరీరం తనను చల్లబరుచుకోవడానికి, మండించేదాన్ని కడిగేయడానికి చేసే నిజమైన ప్రయత్నాలు. వేడిని, స్పర్శను శరీరం ఎలా తెలుసుకుంటుందో చెప్పినందుకు జూలియస్‌కూ ఆర్డెమ్ పటపూటియన్‌కూ కలిపి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. కారం తినలేనివాళ్లను పట్టుకుని ‘అదేం కారం, నువ్వు మరీ సుకుమారం’ అనేవాళ్లు ఒక్కసారి ఈ సంగతి తలుచుకోవాలి. ఎదుటి మనిషికి తగిలింది నొప్పి. దాన్ని చూసి నవ్వడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఈ తలుపుకు ఇంకో రెండు గుణాలున్నాయి. మన వంట మీద అవి చాలా వెలుగు చూపిస్తాయి. ఒకటి, కారమూ వేడీ కలిస్తే తలుపు ఇంకా సులువుగా తెరుచుకుంటుంది. పొగలు కక్కే అన్నంలో కలిపిన ఆవకాయ, అదే ఆవకాయ చల్లటి అన్నంలో కలిపినదాని కంటే ఎక్కువ మండుతుంది. రెండు, పులుపు. ఆమ్లం తగిలితే టీఆర్‌పీవీ1 మరింత చురుకవుతుందని 1998లోనే కణాల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. చింతపండు, గోంగూర, మామిడికాయ: మనం కారానికి జోడుగా వాడేవన్నీ పుల్లటివే. కొత్తవాళ్లకు మన పులుసులు అంత భయంకరంగా ఎందుకు తోస్తాయో అర్థం చేసుకోవడానికి ఇది ఒక దారి. అందుకే నేను మొదట చెప్పే సలహా చాలా చిన్నది: అన్నం ఆరనివ్వండి. గోరువెచ్చగా తినండి.

కారం తక్కువగా కావాలని అడగడం మాత్రం అంత చిన్న విషయం కాదు. ఇంగ్లిషులో ఈ కొత్తవాళ్లు ‘స్పైసీ వద్దు’ అంటారు. ఆ మాట విన్న సర్వర్ గరం మసాలా తగ్గించమంటున్నారనుకుంటాడు. మసాలా తగ్గించి పచ్చిమిరపకాయలు అలాగే ఉంచి తెస్తాడు. అతని తప్పేమీ లేదు. ఏలకులకూ మిరపకాయకూ ఒకే మాట వాడే భాషకూ, విడివిడి మాటలున్న భాషకూ మధ్య వచ్చిన తేడా అది. ‘కారం తక్కువ’ అని తెలుగులో చెప్పినా చిక్కే. ఎవరి కంటే తక్కువ? వంటమనిషి తన నాలుక లెక్కనే తగ్గిస్తాడు. ‘కారం లేకుండా’ అంటే, పాపం జ్వరమొచ్చిందేమోనని చప్పిడి కూడు పెడతారు, ఉప్పు కూడా తగ్గించి.

మన భాషలో ఇందుకు సరిపోయే మాట ఒకటుంది, కమ్మన. కమ్మటి పప్పు, కమ్మటి నెయ్యి, కమ్మటి పెరుగు. చప్పన అంటే ఏదో లోపించినది. కమ్మన అంటే ఏ లోపమూ లేకుండా మెత్తగా, నిండుగా ఉన్నది. కారం తినలేనివాళ్లు వెతుక్కునేది చప్పిడి తిండిని కాదు, కమ్మటి తిండిని. ఆ తిండి మన వంటింట్లో ఎప్పుడూ ఉంది, మిరపకాయ రాకముందు నుంచీ ఉంది.

మిరపకాయ ఇక్కడిది కాదు కదా. పుట్టిల్లు అమెరికా ఖండం. 1498లో వాస్కో డ గామా కేరళ తీరానికి వచ్చిన తర్వాతే పోర్చుగీసు ఓడల్లో ఈ దేశానికి చేరింది. అంతకు దశాబ్దాల ముందే కన్నుమూసిన శ్రీనాథుడు మిరపకాయను చూసి ఉండడు. అంతమాత్రాన ఆయన కాలంలో ఘాటు లేదని కాదు. ఆయన శృంగారనైషధంలో నలుడి పెళ్లి విందులో ఆవపచ్చళ్లున్నాయి. ఆవ ఘాటు మిరప ఘాటులా నాలుక మీద కూర్చోదు, ఆవిరై ముక్కులోకి ఎక్కి నసాళానికి అంటుతుంది, అంతే త్వరగా దిగిపోతుంది. దాని రసాయనమూ వేరు, అది తెరిచే తలుపూ వేరు, టీఆర్‌పీఏ1. మిరియాలది మాత్రం మిరప తెరిచే తలుపే. అందులోని పిపెరిన్ క్యాప్సైసిన్ కంటే చాలా బలహీనం, అంతే. మిరపకాయ లేదు కదా అని కట్టెపొంగలి ధైర్యంగా తిని మిరియం కొరికిన విద్యార్థులను ఒకరిద్దరిని చూశాను.

మరి మనకెందుకు మండదు? మనకూ మండుతుంది. మన నాడుల మీదా అవే తలుపులు. పదే పదే కారం తగిలితే ఆ నాడి కొసలు కొంతసేపు మొద్దుబారతాయి. నాడుల నొప్పికి చర్మం మీద అంటించే, 8 శాతం క్యాప్సైసిన్ ఉన్న మందు పట్టీలు పనిచేసేది ఈ సూత్రం మీదే. ఫిన్లాండ్‌లో కవలల మీద జరిగిన అధ్యయనం కారం మీది ఇష్టంలో జన్యువుల పాలు కూడా కొంత ఉందని చెప్పింది. మిగతాదానిలో అలవాటుకు పెద్ద పాత్రే ఉంది. 1980 ప్రాంతంలో మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ రోజిన్ మెక్సికోలోని ఒక పల్లెలో ఈ సంగతి పరిశీలించాడు. ఇంట్లో మిగిలిన కారపు తిండి తిని పెరిగే కుక్కలకూ పందులకూ కారం ఉన్న బిస్కెట్టు, లేని బిస్కెట్టు పెడితే అవి కారం లేనిదే ఎంచుకున్నాయి. పిల్లలు మాత్రం ఐదారేళ్లు వచ్చేసరికి, ఎవరూ బలవంతం చేయకుండానే, పెద్దవాళ్లను చూసి అలవాటు పడ్డారు.

ఇది మెక్సికో పల్లె కథేనా? మా అమ్మ ఆవకాయ ముక్కను నీళ్లల్లో ముంచి, వేళ్లతో పిండి, మళ్లీ ముంచి, ఆ ఎర్రటి పూతంతా పోయాక నా ముద్ద మీద పెట్టేది. ఏడాదికేడాదికీ కడగడం తగ్గింది. ఒక వేసవిలో కడగకుండానే పెట్టింది. మనలో చాలామందికి ఆ వేసవి ఏదో గుర్తుండదు, కానీ ఆ నీళ్ల గిన్నె గుర్తుంటుంది. మనకు దొరికిన ఆ ఐదారేళ్ల వ్యవధిని, 20 ఏళ్లు దాటి సామాను పెట్టెతో విమానం దిగిన మనిషికి పది రోజుల్లో కుదించమనడం న్యాయం కాదు.

పైగా ఏ మిరపకాయ? కారానికి కొలత మొదట కట్టినవాడు అమెరికాలో విల్బర్ స్కోవిల్, 1912లో. మిరప సారాన్ని చక్కెర నీళ్లతో పలుచన చేస్తూ పోయి, ఐదుగురు రుచిచూసేవాళ్లకు మంట తెలియనంత పలుచన కావడానికి ఎన్ని రెట్లు పట్టిందో లెక్కకట్టాడు. బెంగుళూరు మిర్చి అని మనం పిలిచే పెద్ద కాయకు ఆ కొలతలో సున్నా. మెక్సికో హలపీనోకు 2,500 నుంచి 8,000. గుంటూరు సన్నానికి 35,000 నుంచి 40,000 దాకా చెబుతారు. మెక్సికో నుంచి వచ్చిన విద్యార్థి ‘మాకు అలవాటే’ అన్నా, ఆ అలవాటుకూ గుంటూరుకూ మధ్య ఎంత దూరముందో చూడండి. అన్ని కాయలూ మండించడానికే పండించరు కూడా. వరంగల్ చపాటా మిర్చి పొట్టిగా, లావుగా టమాటాలా ఉంటుంది. రంగు బాగా ఎక్కువ, కారం బాగా తక్కువ. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎర్రగా ఉన్న ప్రతిదీ మండదని కొత్తవాళ్లకు, మండకపోయినా ఎర్రగా వండవచ్చని మన హోటళ్లకు ఆ కాయ చెప్పగలదు.

కాయలో కూడా కారం అంతటా సమంగా ఉండదు. గింజలే కారమని అందరూ అంటారు. నిజానికి క్యాప్సైసిన్ తయారయ్యేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో. గింజలకు ఉండే కారం ఎక్కువగా ఆ ఈనె నుంచి అంటినదే. మిరపకాయను నిలువునా చీరి, చెంచా కొసతో ఆ తెల్లటిదంతా గీకేస్తే వాసన మిగులుతుంది, మంట చాలావరకు పోతుంది.

మిరపకాయ కారం వదిలేస్తే మిగిలేది తక్కువేమీ కాదు. 1930ల మొదట్లో హంగరీలోని సెగెడ్ నగరంలో ఆల్బర్ట్ సెంట్-జ్యోర్జి అనే శాస్త్రవేత్తకు విటమిన్ సి తగినంత దొరక్క పని ఆగిపోయింది. ఒక రాత్రి భార్య భోజనంలో ఆ ఊళ్లో పండే మిరపకాయ పెట్టింది. ఆయనకు తినబుద్ధి కాలేదు. దాన్ని ప్రయోగశాలకు పట్టుకుపోయి చూస్తే అందులో విటమిన్ సి పుష్కలంగా ఉంది. 1937లో ఆయనకు నోబెల్ వచ్చింది. తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 భారతీయ ఆహార పదార్థాల పోషకాలను కొలిచి పట్టికలు ప్రచురించింది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక చిన్న గదిలో మొదలుపెట్టిన పని 1958లో ఇక్కడికి తరలివచ్చి ఇంత అయింది. మన తిండిలో ఏముందో అంత ఓపికగా లెక్కకట్టిన ఊరు ఇది. ఆ తిండి ఒక పరదేశి నోటికి ఎలా తగులుతుందో పట్టించుకోవడం కూడా ఆ లెక్కలో భాగమే అని నా ఉద్దేశం.

అందుకని క్యాంపస్ నుంచి తార్నాక కూడలి దాకా నడిచి, కమ్మటివి ఏమున్నాయో ఆ అమ్మాయితో కలిసి వెతికాను. ఇడ్లీ సురక్షితం, చట్నీలు కాదు. ఇడ్లీ మీద నెయ్యి వేయించుకోవచ్చు. ఉప్మాలో పచ్చిమిర్చి ఉంటుంది కానీ పెద్ద ముక్కలు, ఏరేయవచ్చు. పెసరట్టులో రుబ్బేస్తారు, ఏరలేం. ఇరానీ చాయ్‌తో ఉస్మానియా బిస్కెట్టు ఆమెకు వెంటనే నచ్చింది. బిర్యానీలో పైపొర తెల్లన్నం అడిగి తీసుకోవడం నేర్చుకుంది, మిర్చీ కా సాలన్ గిన్నె దూరంగా జరిపి. సంక్రాంతి రోజులు కావడంతో స్వగృహ దుకాణంలో సకినాలు కనిపించాయి: బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు. ఒకటి విరిచి నోట్లో పెట్టుకుని, ఇంకొకటి సంచిలో దాచుకుంది.

వెతగ్గా వెతగ్గా నాకు తెలిసింది ఏమిటంటే, మన వంటలో కారం చాలాసార్లు చివర్లో వస్తుంది. కందిపప్పు ఉడికినప్పుడు కమ్మగానే ఉంటుంది. ఉప్పు, పసుపు పడ్డాక కూడా కమ్మగానే ఉంటుంది. ఆ తర్వాత నూనె కాగి, ఎండుమిర్చి చిటపటలాడి, పోపు పప్పులో పడుతుంది. కాగిన నూనెలోకి దిగిన క్యాప్సైసిన్ ఇక వెనక్కి రాదు. దాన్ని ఏరలేం, కడగలేం. ‘కారం తగ్గించండి’ అన్న మాట బల్ల దగ్గర చెబితే అప్పటికే ఆలస్యమైపోయింది. చెప్పవలసింది వంటింట్లో, పోపు గరిటె లేవకముందు.

ఆ మాట ఆమెకు తెలుగులో నేర్పాను. రెండు రోజులు సాధన చేసింది. పదకొండున్నరకి, ఇంకా ఎవరూ భోజనానికి రానప్పుడు, మెస్సు వెనక గుమ్మం దగ్గర నిలబడి, ప్రతి అక్షరాన్నీ ఒత్తిపలుకుతూ అడిగింది: “అన్నా, పోపు వేయకముందు నాకు కొంచెం పప్పు తీసి పెడతారా?”

వంటమాస్టరు గరిటె ఆపి ఆమెను చూశాడు, నన్ను చూశాడు. “ఇంతేనా బిడ్డా, మొదటి దినమే చెప్పొద్దా” అన్నాడు. పెద్ద గిన్నెలోంచి రెండు గరిటెలు చిన్న స్టీలు గిన్నెలోకి తీసి, పైన ఒక చెంచా నెయ్యి వేసి, మూత పెట్టి పక్కన ఉంచాడు. ఆ తర్వాత పొయ్యి మీద నూనె పెట్టాడు.

మర్నాడు నేను వెళ్లేసరికి ఆ గట్టు మీద మూతపెట్టిన స్టీలు గిన్నెలు మూడున్నాయి.